ఉతికినా వదలని వాసన: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వానాకాలం మొదలైనప్పటి నుండి ఈ శీర్షికకు అందుతున్న ఉత్తరాలలో ఉతికిన బట్టల వాసన గురించినవే ఎక్కువగా ఉంటున్నాయి. నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుండి వచ్చిన కొన్నింటిని ఎంచి, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాము. ఒకే ప్రశ్నను పలువురు అడిగిన చోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాము.

ప్రశ్న: ఎండాకాలంలో ఎన్నడూ లేని ఇబ్బంది ముసురు పట్టిందంటే మా ఇంట్లో మొదలవుతుంది. మంచి సర్ఫు వేసి, చివరి నీళ్లలో సువాసన ద్రవం కూడా కలిపి ఉతికిన బట్టలు, రెండు రోజులు వరండాలో ఆరిన తరువాత ముక్క వాసన వేస్తున్నాయి. సర్ఫు ఇంకాస్త ఎక్కువ వేసి చూసినా మార్పు లేదు. చేత్తో ఉతికిన రోజుల్లో ఈ బాధ లేదని, అంతా మెషీన్ వల్లనే అని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా?
– ఒక గృహిణి, దేవరకొండ

జవాబు: మీ అత్తగారి మాటలో కొంత నిజం ఉందమ్మా, అయితే అసలు కారణం మెషీన్ కంటే ముందే ఉంది. చెమట, చర్మపు నూనె, రాలిన చర్మపు పొలుసులు ఒక్క ఉతుకుతో బట్టలో నుండి పూర్తిగా పోవు. మిగిలిన ఆ కొంచెం మురికిని తిని సూక్ష్మజీవులు పెరుగుతాయి, అవి వదిలే ఆమ్లాలే మనకు వాసనగా తెలుస్తాయి. తడి బట్టలకు పట్టే ఈ ప్రత్యేకమైన వాసనకు ‘మొరాక్సెల్లా ఆస్లోయెన్సిస్’ అనే సూక్ష్మజీవి ముఖ్య కారణమని 2012లో జపాన్ పరిశోధకులు గుర్తించారు. మనుషుల చర్మం మీద మామూలుగానే కనిపించే ఈ జీవి ఆరబెట్టినా, ఎండ తగిలినా కొంతవరకు తట్టుకొని బతకగలదని కూడా వారు చూపించారు. ఒకసారి వాసన పట్టిన తువ్వాలు ఎండలో ఆరినప్పుడు బాగానే ఉన్నట్టు అనిపించి, స్నానం చేసి తుడుచుకోగానే మళ్ళీ గుప్పుమనడానికి కారణం ఇదే.

మన ప్రాంతపు ఎండ ఒక విధంగా మన ఉతుకులోని లోపాలను కప్పిపుచ్చుతూ ఉంటుంది. మార్చి నుండి మే వరకు మధ్యాహ్నం పూట దండెం మీద వేసిన నూలు చీర చూస్తుండగానే ఆరిపోతుంది కనుక, సరిగా జాడించని బట్టలో కూడా సూక్ష్మజీవులకు పెరిగే వ్యవధి దొరకదు. అదే బట్ట ముసురులో ఒక పగలు, ఒక రాత్రి తడిగానే ఉండిపోతే, ఎండాకాలమంతా దానిలో పేరుకున్నది అప్పుడు బయటపడుతుంది. అందువల్ల మీరు రెండు సంగతులు చూసుకోవాలి: బట్టలో ఏమీ మిగలకుండా ఉతకడం, ఉతికిన బట్ట తడిగా ఉండే సమయాన్ని తగ్గించడం. సువాసన ద్రవం ఈ రెండింటిలో ఏ ఒక్కటీ చేయదు.

మొదటి దానికి మన నీరే పెద్ద అడ్డంకి. దేవరకొండ వైపు బోరు నీటితో స్నానం చేసేవారికి సబ్బు నురగ రాకపోవడం, నీళ్లు కాచే హీటర్ రాడ్డుకు తెల్లటి పెచ్చు కట్టడం కొత్త సంగతులేమీ కావు. ఆ పెచ్చు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల ఏర్పడుతుంది. తాగునీటికి మన దేశపు ప్రమాణాల ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకుండా ఉండటం మంచిది, వేరే నీరు లేనిచోట 600 వరకు అనుమతిస్తారు. మన బోర్లలో ఎన్నో మొదటి హద్దును సులభంగా దాటుతాయి. ఇటువంటి నీటిలో బట్టల సబ్బు ఆ లవణాలతో కలిసి జిగట వంటి తెట్టుగా మారి, మురికిని వదిలించే పని మానేసి తానే బట్టకు అంటుకుంటుంది. సర్ఫు సబ్బు కంటే కొంత మేలు గాని, దాని బలంలో కొంత భాగం కూడా ఈ లవణాలకే ఖర్చవుతుంది. మురికి పోలేదని మనం మరో గుప్పెడు వేస్తాము, అది పూర్తిగా జాడింపులో పోదు, పోగులలో మిగిలి తాను కూడా మురికిని పట్టి ఉంచుతుంది. కాబట్టి ముందుగా సర్ఫును ప్యాకెట్ మీద చెప్పిన కొలతకు తగ్గించండి. నీరు మరీ కఠినంగా ఉంటే, నూలు బట్టలకు మాత్రం, బకెట్ నీటికి రెండు పెద్ద చెంచాల బట్టల సోడాను ముందే కలిపి, ఆ తరువాత సర్ఫు వేయండి. సోడా ఆ లవణాలను విడదీస్తుంది గనుక సర్ఫు తన పని తాను చేసుకుంటుంది. ఇది వంట సోడా కాదు, దానికంటే ఘాటైనది, చేతులు మండుతాయి గనుక తొడుగులు వేసుకోవడం మంచిది. చివరి జాడింపుకు మిషన్ భగీరథ నల్లా నీళ్లు ఒక్క బకెట్ పక్కన పెట్టుకోగలిగితే ఇంకా మేలు, నదుల నుండి వచ్చే ఆ నీరు సాధారణంగా బోరు నీటికంటే మెత్తగా ఉంటుంది. జాడించిన నీరు చేతికి జారుడుగా తగులుతున్నంత వరకు జాడింపు పూర్తి కానట్టే.

ఇప్పటికే వాసన పట్టిన తువ్వాళ్లకు, దుప్పట్లకు, బనియన్లకు ఇంత మాత్రం చాలదు, వాటికి వేడి కావాలి. వెనుకటి రోజుల్లో రేవు దగ్గర రజకులు బట్టలను చౌడు కలిపిన నీటిలో ముంచి, పెద్ద బానలలో పేర్చి ఉబ్బ వేసేవారు. క్షారమూ ఆవిరీ కలిసి చేసే ఆ పనిని మన ఇంటి ఉతుకు నుండి మనం పూర్తిగా తీసివేశాము, మీ అత్తగారు చెప్పే తేడా చాలావరకు అక్కడిదే. ఇంట్లో దానికి దగ్గరగా చేయాలంటే, మరిగిన నీరు ఒక పాలు, మామూలు నీరు ఒక పాలు కలపండి. సుమారు 60 డిగ్రీల వేడి వస్తుంది. అందులో సర్ఫు, బట్టల సోడా కలిపి, రంగు వెలవని నూలు బట్టలను అరగంట నానబెట్టి, ఆ తరువాత మామూలుగా ఉతకండి. నెలకు ఒకసారి తువ్వాళ్లకు, దిండు గలీబులకు ఇలా చేస్తే చాలు. పట్టు, ఉన్ని, ఎలాస్టిక్ ఉన్న బట్టలను ఈ వేడిలో వేయకూడదు.

ఇక ఆరబెట్టడం. వాన రోజుల్లో నీరు ఆవిరి కావడానికి వేడికంటే గాలి కదలికే ఎక్కువ తోడ్పడుతుంది. మెషీన్ ఆగిన వెంటనే మరొకసారి నీళ్లు పిండే చక్రం ఒక్కటి తిప్పండి, దానివల్ల తగ్గే తడి ఫ్యాను కింద గంటల పనిని తగ్గిస్తుంది. మెషీన్ లేనివారు పిండిన బట్టను పొడి తువ్వాలులో చుట్టి మెలి తిప్పినా చాలా నీరు దిగుతుంది. దండెం మీద బట్టకూ బట్టకూ మధ్య జానెడు ఖాళీ ఉండాలి. ఒక పొడుగు బట్ట, ఒక పొట్టి బట్ట మార్చి మార్చి వేస్తే వాటి మధ్య గాలి ఆడుతుంది. ఫ్యాంట్లను తిరగేసి, జేబులు బయటకు లాగి, నడుము భాగం గుండ్రంగా తెరుచుకుని ఉండేటట్టు క్లిప్పులు పెట్టాలి. గదిలో ఆరేసేటప్పుడు సీలింగ్ ఫ్యానుకంటే పక్క నుండి తగిలే టేబుల్ ఫ్యాను బాగా పని చేస్తుంది. కిటికీ కొద్దిగా తెరిచి ఉంచకపోతే ఆ తడి అంతా గదిలోనే ఉండి గోడకు బూజు పడుతుంది, కనుక ఉబ్బసం ఉన్నవారు, చంటిపిల్లలు పడుకునే గదిలో దండెం కట్టకండి.

బట్ట ఆరిందో లేదో మధ్య భాగాన్ని ముట్టుకుని నిర్ణయించవద్దు. చొక్కా కాలరు మడతను, చీర ఫాల్ కుట్టును, జీన్స్ నడుము దగ్గర లూపు కుట్టిన మందపు చోటును రెండు వేళ్ల మధ్య పట్టి, చెంపకు ఆనించి చూడండి. వేళ్లకు తెలియని చల్లదనం చెంపకు తెలుస్తుంది. అక్కడ చల్లగా తగిలితే ఆ బట్ట ఇంకా ఆరలేదు, మడతపెట్టి బీరువాలో పెడితే పక్క బట్టలకు కూడా వాసన అంటిస్తుంది.

ప్రశ్న: నేను మార్కెటింగ్ ఉద్యోగిని, రోజంతా బండి మీద తిరుగుతాను. కంపెనీ ఇచ్చిన టీషర్టులు ఉతికి ఆరినప్పుడు బాగానే ఉంటాయి, ఇస్త్రీ పెట్టె తగలగానే, లేదా బయటికి వెళ్లిన పావుగంటకే చంకల దగ్గర పాత చెమట వాసన వస్తోంది. నూలు చొక్కాలకు ఇలా లేదు. నలుగురిలో నిలబడాలంటే సిగ్గుగా ఉంది.
– ఒక యువకుడు, మహబూబ్‌నగర్

జవాబు: ఇందులో మీరు సిగ్గుపడవలసింది ఏమీ లేదు, దోషం బట్టది. మీ టీషర్టు మెడ దగ్గర కుట్టిన చీటీ చూడండి, అది పూర్తిగానో ఎక్కువ పాలో పాలిస్టర్ అయి ఉంటుంది. 2014లో బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వ్యాయామం చేసినవారి టీషర్టులను పోల్చి, చెమట పట్టిన పాలిస్టర్ బట్టలు నూలు బట్టలకంటే ఎక్కువ దుర్వాసన వేస్తాయని, వాసనకు కారణమయ్యే మైక్రోకాకస్ జాతి సూక్ష్మజీవులు పాలిస్టర్ మీద బాగా పెరుగుతాయని తేల్చారు. నూలు పోగు నీటిని పీల్చుకుంటుంది, పాలిస్టర్ పోగు నీటిని దగ్గరికి రానీయదు గాని చర్మపు నూనెను మాత్రం గట్టిగా పట్టుకుంటుంది. ఆ నూనె నీటికి లొంగదు, వేడి తగిలినప్పుడు ఇస్త్రీ పెట్టె కింద గాని, మధ్యాహ్నపు ఎండలో మీ ఒంటి మీద గాని వాసనను వదులుతుంది.

మొదట బట్టల కండిషనర్ ఈ టీషర్టులకు పూర్తిగా మానండి, అది పోగుల మీద మైనపు పూత వంటి పొరను వేసి లోపలి నూనెను కాపాడుతుంది. విప్పిన టీషర్టును బుట్టలో ఇతర బట్టల కింద కుక్కకుండా, ఉతికేవరకు తిరగేసి దండెం మీద వేయండి. ఉతికే ముందు చంకల భాగానికి సర్ఫు ద్రవాన్ని నేరుగా రాసి పావుగంట ఉంచి, మెత్తటి బ్రష్షుతో లోపలి వైపు నుండి రుద్దండి. ఎప్పటి నుండో పేరుకున్న వాసన ఉన్నవాటిని, సరుకుల దుకాణాలలో మరకలు తీసే పొడిగా దొరికే ఆక్సిజన్ రకం బ్లీచ్‌లో, బట్ట చీటీ అనుమతించిన గోరువెచ్చని నీటిలో రెండు మూడు గంటలు నానబెడితే చాలావరకు వదులుతుంది. కొందరు డియోడరెంట్‌ను టీషర్టు మీదనే కొట్టుకుంటారు, దానిలోని జిగురు పదార్థం బట్టలో చేరి రోజులు గడిచేకొద్దీ సమస్యను పెంచుతుంది. మీ కంపెనీ వారు బట్ట మార్చే ఆలోచనలో ఉంటే సగానికి మించి నూలు కలిసిన రకాన్ని అడగండి. మే నెలలో జడ్చర్ల చౌరస్తాలో నిలబడి పని చేసేవారికి పాలిస్టర్ తొడిగించడం ఎవరి ఆలోచనో గాని, మంచి ఆలోచన కాదు.

ప్రశ్న: ముందు తలుపు ఉన్న వాషింగ్ మెషీన్ కొన్నాము. ఏడాది బాగానే ఉతికింది, ఇప్పుడు తలుపు తెరవగానే మురుగు వాసన వస్తోంది, బట్టలకు కూడా అదే అంటుతోంది. మెకానిక్ ఏదో పొడి అమ్మి వెళ్లాడు, నెల రోజులు బాగుండి మళ్ళీ మొదలైంది.
– ఒక పాఠకురాలు, కల్వకుర్తి

జవాబు: మెకానిక్ ఇచ్చిన పొడి డ్రమ్ములోని పెచ్చును తీస్తుంది, మీ వాసన ఉన్న చోటికి అది చేరదు. ఒక పొడిగుడ్డ వేలికి చుట్టుకుని, తలుపు చుట్టూ ఉన్న రబ్బరు వలయపు కింది మడతలోకి దూర్చి ఒకసారి గుండ్రంగా తిప్పి బయటికి తీయండి. నల్లటి జిగట, వెంట్రుకలు, ఒక్కోసారి చిల్లర నాణెం కూడా వస్తుంది. ఆ జిగట సూక్ష్మజీవుల పొర, ప్రతి ఉతుకులోనూ దానిని తడుపుతున్న నీరే మీ బట్టలను జాడిస్తోంది. సర్ఫు వేసే సొరుగును పూర్తిగా బయటికి లాగి, కండిషనర్ పోసే గదిని పాత పళ్ల బ్రష్షుతో కడగండి. మెషీన్ కింది మూలన చిన్న మూత వెనుక నీరు పోయే ఫిల్టర్ ఉంటుంది, దానిని తెరిచే ముందు నేలమీద పళ్లెం, పాత గుడ్డలు పెట్టుకోండి, నిలిచిన నీరు ఒక్కసారిగా బయటికి వస్తుంది.

ఆ తరువాత బట్టలు లేకుండా, మెషీన్‌లో ఉన్న అత్యధిక వేడి మీద ఒకసారి తిప్పండి. చాలా ఇళ్లలో కరెంటు ఆదా కోసం ఎప్పుడూ చల్లటి నీటి చక్రాన్నే వాడతారు, అందువల్ల లోపలి పొర చావదు. పదిహేను రోజులకు ఒకసారి తువ్వాళ్లను 60 డిగ్రీల మీద ఉతికితే మెషీన్ కూడా దానితోపాటే శుభ్రపడుతుంది. ఉతుకు అయ్యాక రబ్బరును తుడిచి, తలుపును, సొరుగును తెరిచి ఉంచండి. పిల్లలు ఉన్న ఇంట్లో డ్రమ్ములోకి దూరకుండా జాగ్రత్త పడండి. ఇంకొక సంగతి, మురుగు నీటి గొట్టాన్ని బాత్‌రూమ్ నేలలోని కన్నంలోకి లోతుగా దించి చుట్టూ గుడ్డ కుక్కి ఉంటే, కాలువ వాసన ఆ గొట్టం వెంబడే పైకి వచ్చే అవకాశం ఉంది. గొట్టాన్ని కొంచెం పైకి లాగి, గాలి ఆడేటట్టు వదలండి.

మెషీన్‌లో వెనిగర్ పోయవచ్చా అని మరికొందరు అడిగారు. అప్పుడప్పుడు కొద్దిగా అయితే తెల్ల పెచ్చును కరిగిస్తుంది, తరచుగా పోస్తే రబ్బరును పాడు చేస్తుంది. బ్లీచింగ్ పొడితో గాని, బ్లీచ్ ద్రవంతో గాని వెనిగర్‌ను ఎన్నడూ కలపకూడదు, ఆ రెండూ కలిస్తే ప్రమాదకరమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

ప్రశ్న: మా నీటిలో ఫ్లోరైడ్ ఉంది. బట్టల వాసనకు అదే కారణమని మా వాడలో అనుకుంటున్నారు.
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మర్రిగూడ

జవాబు: కాదండీ. ఫ్లోరైడ్‌కు రంగు, రుచి, వాసన ఏవీ లేవు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే అది పళ్లకు, ఎముకలకు చేసే కీడు మీ ప్రాంతం వారికి ఎవరూ చెప్పనవసరం లేదు, బట్టలకు మాత్రం అది ఏమీ చేయదు. మీ నీటినే అనుమానించవలసి వస్తే ఒక చిన్న పరీక్ష చేయండి. శుభ్రమైన సీసాను బోరు నుండి నేరుగా వచ్చే నీటితో సగం నింపి, మూత పెట్టి, గట్టిగా కుదిపి వాసన చూడండి. మరొక సీసాలో ఇంటి ట్యాంకు నీటిని పట్టి అలాగే చూడండి. బోరు నీటిలోనే కుళ్లిన గుడ్డు వాసన ఉంటే అది హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు, భూమి లోపలి గంధక లవణాల మీద సూక్ష్మజీవులు పని చేయడం వల్ల పుడుతుంది. నీటిని తొట్టిలోకి పై నుండి ధారగా పడేటట్టు వదిలి, కొంతసేపు గాలి తగలనిస్తే చాలావరకు పోతుంది. ట్యాంకు నీటిలో మాత్రమే వాసన ఉంటే ట్యాంకును దింపి అడుగున చేరిన బురదను కడిగించండి, బట్టల సంగతి ఆ తరువాత చూద్దాము.

ప్రశ్న: మాకు పత్తి చేను ఉంది. మా ఆయన మందు కొట్టి వచ్చిన బట్టలు ఎంత ఉతికినా వాసన పోవడం లేదు, వాటితో కలిపి వేసిన పిల్లల బట్టలకు కూడా ఆ వాసన పట్టింది. ఏం వేసి ఉతకాలి?
– ఒక రైతు కుటుంబపు ఇల్లాలు, చండూరు

జవాబు: మీరు వాసన గురించి అడిగారు గాని, మేము ముందుగా చెప్పవలసింది వేరొకటి ఉంది. మందు కొట్టిన బట్టలను పిల్లల బట్టలతోనే కాదు, ఇంట్లో ఏ బట్టలతోనూ కలపకండి. ఆ వాసనలో కొంత మందును కరిగించిన ద్రావకానిది, అది ఎగిరిపోయిన తరువాత కూడా మందు పోగులలో ఉండిపోవచ్చు గనుక, వాసన పోయింది కాబట్టి మందు పోయిందని అనుకోవడానికి వీలు లేదు.

మందు కొట్టడానికని ఒక జత పాత నూలు బట్టలను, నిండు చేతుల చొక్కాను ప్రత్యేకంగా పెట్టండి. చేను నుండి రాగానే వాటిని ఇంటి బయటనే విప్పి వేరే బకెట్‌లో వేయాలి, మర్నాటికి ఆపకూడదు, ఆలస్యమైనకొద్దీ మందు బట్టకు గట్టిగా పట్టుకుంటుంది. మీరు రబ్బరు తొడుగులు వేసుకుని మొదట ఎక్కువ నీటిలో సర్ఫు లేకుండా జాడించి, ఆ తరువాత వేడి నీటిలో సర్ఫు పూర్తి కొలత వేసి ఉతకండి. అవసరమైతే రెండవసారి కూడా ఉతకండి. ఆ నీటిని చెరువులోకి, బావి గట్టున, పశువులు తాగే తొట్టి దగ్గర పారబోయకూడదు. మెషీన్‌లో ఉతికితే తరువాత ఒకసారి ఖాళీగా సర్ఫు నీటితో తిప్పి కడగాలి. ఆరేయడం కూడా విడిగా, నిండు ఎండలో ఆరేయండి. నీళ్లు కలపని చిక్కటి మందు డబ్బా నుండి నేరుగా ఒలికిన బట్టను ఉతికే ప్రయత్నమే వద్దు, దానిని వదిలివేయడమే క్షేమం. పిల్లల బట్టలను ఈ పద్ధతిలోనే మరొకసారి ఉతికి, ఇంకా వాసన ఉంటే వాడకండి.

ప్రశ్న: పుట్టపాక నుండి తెచ్చిన తేలియా రుమాలు చీరకు కొత్తలోనే నూనె వాసన ఉంది. పాత సరుకు అంటగట్టారేమో అని అనుమానం. అలాగే బీరువాలోని గద్వాల చీరలకు కలరా ఉండల వాసన పోవడం లేదు.
– ఒక బ్యాంకు ఉద్యోగిని, నల్లగొండ

జవాబు: అనుమానం వద్దు. తేలియా రుమాలు నేతకు నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నుండి తీసిన క్షారపు నీటిలో పలుమార్లు ముంచి ఆరబెడతారు, రంగు పోగుకు గట్టిగా పట్టడం ఆ ప్రక్రియ చలవే. కనుక ఆ నూనె వాసన అసలు పద్ధతిలో చేశారనడానికి ఒక గుర్తు. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ నేతలో కొందరు కొనుగోలుదారులు ఆ వాసన కోసమే చూస్తారు. చల్లటి నీటితో సున్నితంగా ఉతుకుతూ నీడలో ఆరేస్తూ ఉంటే ఉతుకు ఉతుకుకూ తగ్గిపోతుంది, దానిని పోగొట్టాలని సోడాలో నానబెట్టవద్దు.

గద్వాల చీర సంగతి వేరు. చీర ఒడలు నూలు, అంచు, కొంగు పట్టు, జరీ. నూలుకు పనికివచ్చే వేడి, సోడా పట్టును దెబ్బతీస్తాయి, బ్లీచ్ అయితే పట్టును తినేస్తుంది. అందుచేత వాసన పోగొట్టడానికి దానిని నీళ్లలో వేయకుండా, చీరను పూర్తిగా విప్పి, గాలి బాగా ఆడే నీడలో రెండు మూడు రోజులు పగటి పూట ఆరేయండి. కలరా ఉండలలో ఉండే నాఫ్తలీన్ ద్రవం కాకుండానే నేరుగా ఆవిరవుతుంది కనుక గాలి తగిలితే అదే పోతుంది. పెళ్లి నుండి వచ్చిన చీరను కూడా ఇలాగే చెమట ఆరేవరకు గాలికి ఉంచి, ఆ తరువాతనే మడత పెట్టాలి. ఇకముందు ఆ ఉండలకు బదులు బాగా ఎండిన వేపాకును పలుచని గుడ్డలో మూట కట్టి పెట్టండి, అది నేరుగా జరీకి తగలకుండా చూడండి. ముఖ్యంగా చంటిబిడ్డల బట్టల దగ్గర కలరా ఉండలు పెట్టకూడదు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్న శిశువులకు, నాఫ్తలీన్ పట్టిన బట్టలు తొడిగితే ఎర్ర రక్తకణాలు పగిలి తీవ్రమైన కామెర్లు రావచ్చు.

ప్రశ్న: హాస్టల్ గదిలో నలుగురం ఉంటాము. ఒకటే బకెట్, కిటికీకి కట్టిన ఒకటే తాడు. ఏం చేయగలము?
– ఒక డిగ్రీ విద్యార్థిని, వనపర్తి

జవాబు: ఆదివారం నలుగురి బట్టలు ఒకేసారి ఉతికి ఆ తాడు మీద పొరలు పొరలుగా వేయడమే మీ గదిలో సగం వాసనకు కారణం. వంతులు పెట్టుకుని రోజుకొకరు రెండు జతలు మాత్రమే ఉతకండి. స్నానం చేసిన తువ్వాలును మంచం కోడు మీద కుప్పగా వేయకుండా వెడల్పుగా పరచండి. రాత్రి నానబెట్టి పొద్దున ఉతికే అలవాటు ఉంటే మానండి, మురికి నీటిలో అంతసేపు నానిన బట్టకు ఉతకకముందే వాసన పడుతుంది. అరగంట నానితే చాలు.

ప్రశ్న: ఇద్దరమూ పనికి పోతాము కనుక రాత్రి ఉతికి డాబా మీద ఆరేసి, పొద్దున్నే తీస్తాము. వాన లేని రోజుల్లో కూడా బట్టలు ఏదో పులిసిన వాసన వేస్తున్నాయి. మా ఇల్లు రైసు మిల్లుల దగ్గర.
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: సూర్యుడు దిగిన తరువాత గాలిలో తేమ శాతం పెరుగుతుంది, తెల్లవారుజామున మంచు కూడా పడుతుంది గనుక, రాత్రి పది గంటలకు సగం ఆరిన నూలు బట్ట పొద్దున ఆరు గంటలకు మరింత తడిగా ఉండవచ్చు. దానికి తోడు మీ పరిసరాలలో ఉప్పుడు బియ్యం మిల్లులు వడ్లను నానబెట్టి ఆవిరి పట్టే వాసన, పొగ గొట్టాల నుండి వచ్చే ఊక బూడిద రెండూ ఉంటాయి. తడి బట్ట పొడి బట్టకంటే వాసనను, బూడిదను ఎక్కువగా పట్టుకుంటుంది. రాత్రి ఉతకక తప్పకపోతే ఇంటి లోపల ఫ్యాను కింద ఆరేయండి, పనికి బయలుదేరే ముందు పొద్దున వాటిని డాబా మీదికి మార్చి, సాయంత్రం రాగానే, పొద్దు వాలక ముందే దించండి. గాలి మిల్లుల వైపు నుండి వీస్తున్న రోజున వాటిని వరండాలోనే ఉంచడం మంచిది. ఎండలో ఆరిన తువ్వాలుకు ఉండే ఆ హాయైన వాసన కేవలం మన ఊహ కాదు. ఆరుబయట ఎండలో ఆరిన తువ్వాళ్లలో, ఇంటి లోపల ఆరినవాటిలో లేని కొన్ని ఆల్డిహైడ్లు, కీటోన్లు ఏర్పడతాయని 2020లో కోపెన్‌హాగన్ పరిశోధకులు ప్రకటించారు.

ప్రశ్న: కరెంటు పోయి ఉతికిన బట్టలు రాత్రంతా మెషీన్‌లోనే ఉండిపోతే ఆరేస్తే చాలా, మళ్ళీ ఉతకాలా?
– ఒక గృహిణి, సూర్యాపేట

జవాబు: ముక్కుకు దగ్గరగా పెట్టి చూడండి. వాసన లేకపోతే ఒకసారి జాడించి, పిండి ఆరేయండి. ఏ కొంచెం వాసన ఉన్నా మళ్ళీ సర్ఫు వేసి ఉతకక తప్పదు, ఎండ బాగా ఉన్న రోజైనా సరే.